తలుపుకు ఇవతల తల్లి

మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో "ఇశాపట్నం రాసీసినారు" అనే మాట ఒకటి ఉన్నది. పై ప్రాంతాలవారు వింటే ఎవరికో బదిలీ ఉత్తర్వు వచ్చిందనుకుంటారు. ఈ రోగం తన చేతిలో లేదని, పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని స్థానిక డాక్టరు చీటీ వ్రాసి ఇచ్చాడని దాని అర్థం. ఆ చీటీ పసిబిడ్డ పేరున వస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. ఉన్న బంగారం ఎంతో లెక్క చూసుకుంటారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండువందల కిలోమీటర్లకు పైన. శ్రీకాకుళం నుంచి నూరు దాటుతుంది. విజయనగరం వారికి అరవై, కనుక వారు అదృష్టవంతుల కిందే లెక్క. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండ గూడేల వారిలో కొందరికి రోడ్డు దాకా డోలీయే వాహనం. ఆ తరువాతనే 108 బండి.

విశాఖలో 1923లో తెరిచిన కింగ్ జార్జి ఆస్పత్రి నూరేళ్ళుగా ఈ చీటీలను అందుకుంటున్నది. కొంత భారం ఇప్పుడు దగ్గరి ఊళ్ళకు వచ్చింది. శ్రీకాకుళంలో 2008లో రిమ్స్ వచ్చింది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. నెలలు నిండకుండా పుట్టినవారికి, పుట్టగానే ఏడవనివారికి, పచ్చకామెర్లు పట్టినవారికి ఎస్.ఎన్.సి.యు. అనే ప్రత్యేక విభాగాలు జిల్లా ఆస్పత్రులలో ఏర్పడ్డాయి. మన దేశంలో ఈ పద్ధతికి దారి చూపినది 2003లో పశ్చిమ బెంగాల్లోని పురూలియా. అక్కడ, ఒక వెనుకబడిన జిల్లా ఆస్పత్రిలో, వెచ్చని బల్లలు, నీలి దీపాలు, ప్రాణవాయువు, తర్ఫీదు పొందిన నర్సులు ఉంటే పసిగుడ్లు బ్రతుకుతారని తేలింది. యంత్రాల గొప్ప మరొక వారం వ్రాసుకుందాం. ఈ వారం ఆ గది తలుపు సంగతి.

మీరు ఎప్పుడైనా అటువంటి తలుపు ముందు కూర్చున్నారా? లోపల బిడ్డ. బయట మూడు రోజుల బాలింత, సిమెంటు నేల మీద, తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని. రెండు మూడు గంటలకొకసారి ఒక నర్సు తలుపు ఓరగా తీసి "ఫలానా వాళ్ళ తల్లి, పాలు!" అని కేకవేస్తుంది. ఆమె గిన్నెలో పాలు పిండి ఇస్తుంది. గిన్నె లోపలికి వెళుతుంది. ఆమె వెళ్ళదు. పక్కన అమ్మమ్మ. ఆధారు కార్డు, రేషను కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచీని ఒళ్ళో నుంచి దించకుండా మేనమామ. తండ్రి చాలాసార్లు కనబడడు. చెన్నైలో తాపీపనిలోనో, హైదరాబాదులోనో, గుజరాతు రేవుల్లో పడవ మీదనో ఉండి, కబురందుకుని రైల్లో నిలబడి వస్తూ ఉంటాడు.

విజయనగరంలో ఆడవాళ్ళ ఆస్పత్రిని జనం ఇంకా ఘోషాస్పత్రి అనే అంటారు. పరదా పాటించే స్త్రీలు పరపురుషుల కంట పడకుండా వైద్యం పొందాలని పుట్టిన పేరది. ఈనాడు ఏ ఊరి ఆస్పత్రి చూసినా, యంత్రాల గదిలో ఉన్న బిడ్డకు తండ్రి కనబడకుండా, కొన్ని చోట్ల తల్లి కూడా కనబడకుండా, ఘోషా పెట్టినట్టే ఉంటుంది. దీనికి కారణం లేకపోలేదు. చేతులకు అంటిన మలినం పసిగుడ్డుకు ప్రాణాంతకం. గది ఇరుకు, నర్సులు తక్కువ. పదిమంది లోపలికి వస్తే ఆమె బిడ్డను చూసుకుంటుందా, వచ్చినవారిని చూసుకుంటుందా? నర్సుల మీద నిష్ఠూరంగా మాట్లాడేవారు ఒక్క రాత్రి వారి కుర్చీలో కూర్చుని చూడాలి.

అయినా ఆ తలుపు మూసి ఉంచినందుకు చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. ఆస్పత్రి పుస్తకాలలో కొన్ని పేర్ల ఎదుట "లామా" అని వ్రాసి ఉంటుంది. టిబెట్టు సన్యాసి అనుకునేరు! డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోయారని చెప్పే ఇంగ్లీషు మాటలకు అది పొట్టిపేరు. నాలుగు రోజులు నీలి దీపం కింద ఉండవలసిన బిడ్డను రెండో రోజునే తల్లిదండ్రులు ఎత్తుకుపోతారు. కొందరు చెప్పి పోతారు, కొందరు తెల్లవారుజామున చెప్పకుండా పోతారు. "మూఢులు, ఎంత చెప్పినా వినరు" అని మనం అనుకుంటాం. ఎంత చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు అని అడిగేవారు అరుదు.

ఒక వరండాలో నా పక్కన కూర్చున్న పలాస వైపు మనిషి, పాతికేళ్ళవాడు, ఇలా అన్నాడు: "గుంటకి ఏటయినాది బాబూ అని అడిగితే 'సీరియస్' అన్నారు. మొన్నా సీరియస్సే, నిన్నా సీరియస్సే, నేడూ సీరియస్సే. ఇంటి కాడ పెద్దగుంటని ఇరుగువోలకి అప్పసెప్పి వొచ్చినాం. ఉంటే ఏటవుతాదో సెప్తే ఉంటాం, లేదంటే ఎలిపోతాం. ఏటీ సెప్పకపోతే నానేటి సెయ్యాల?"

అతని ప్రశ్నలో మూఢత్వం నాకెక్కడా కనబడలేదు. రోజుకు ఒక్కసారి, ఒకే వేళకు, ఒక డాక్టరు ఆ వరండాలోకి వచ్చి కూర్చుని, "ఈ రోజు ఇంత బరువు ఉన్నాడు, నిన్నటికంటే గాలి తక్కువ పెడుతున్నాం, ఇంకా వారం రోజులు ఇక్కడ ఉంటేనే మంచిది" అని చెబితే అతడు కదలడు. నిలబడి చెప్పిన అరగంట కంటే కూర్చుని చెప్పిన ఐదు నిమిషాలు తల్లిదండ్రులకు ఎక్కువ గుర్తుంటుందని నా అనుభవం.

మాటల సంగతి ఇంకొంచెం చెప్పాలి. "స్టేబుల్‌గా ఉన్నాడు" అని డాక్టరు అంటే, ప్రమాదం నిన్న ఎంత ఉన్నదో ఈ రోజూ అంతే ఉన్నదని ఆయన ఉద్దేశం. బాగుపడుతున్నాడని అమ్మమ్మ అర్థం చేసుకుంటుంది. మరునాడు బిడ్డ పోతే, నిన్న బాగున్న బిడ్డను చంపేశారని గొడవ. "వెంటిలేటరు పెడదామా?" అన్న ప్రశ్నకు సంతకం అడిగితే, అది పెట్టినవాళ్ళెవరూ తిరిగి రారని విన్న తండ్రి చెయ్యి వణుకుతుంది. ఊపిరితిత్తులు బలం పుంజుకునేదాకా యంత్రం ఊపిరి అందిస్తుందని, తరువాత తీసివేస్తారని ముందుగా చెప్పినవారు ఉండరు. కొండల నుంచి వచ్చిన సవర తల్లికి మన తెలుగే రెండో భాష, ఇక ఇంగ్లీషు సంగతి చెప్పేదేమున్నది? శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పనిచేస్తూ, సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర మాట నేర్చుకోవాలని నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆయన పుట్టిన జిల్లాలో, బిడ్డ ప్రాణం సంగతి ఆ తల్లికి సవరలో చెప్పగల ఒక మనిషి ప్రతి పిల్లల వార్డులోనూ ఉండాలని కోరడం దురాశ కాదనుకుంటాను.

ఇక తలుపు. ఇది మన ఒక్కరి తగువు కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులను బహు కొద్దిసేపే చూడనిచ్చేవారు. వారు వచ్చి పోతే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు అని వాదించేవారు. న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ అనే వైద్యుడు 1920లలోనే తల్లులను బిడ్డలతోపాటు ఆస్పత్రిలో ఉంచాడు. పెద్దగా ఎవరూ అనుసరించలేదు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన చిన్న శస్త్రచికిత్సకు ఒంటరిగా చేరిన రెండేళ్ళ పాపను రోజు రోజూ ఫిల్ము తీశాడు. ఆ పాప "బుద్ధిగా ఉండడం" నిజానికి దిగులుతో ముడుచుకుపోవడమని చూసినవారికి తెలిసింది. డాక్టర్లలో కొందరికి కోపం కూడా వచ్చింది. 1959లో ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను అడ్డు లేకుండా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులను అక్కడే ఉండనివ్వాలని సిఫారసు చేసింది. మన ధర్మాస్పత్రులలో, మంచాలు చాలకనో మరెందుకో, తల్లి ఎప్పుడూ బిడ్డ పక్కనే పడుకునేది. అక్కడ వారు తలుపు తెరవడం నేర్చుకుంటుంటే, ఇక్కడ యంత్రాలు రాగానే మనం మూసుకున్నాం.

తెరిచి చూసినవారు మన దేశంలోనూ ఉన్నారు. ఢిల్లీలో రామమనోహర్ లోహియా ఆస్పత్రివారు తల్లినీ తండ్రినీ చేతులు కడిగించి, గౌను తొడిగించి, జబ్బుగా ఉన్న పసిగుడ్డు దగ్గరకు తీసుకువెళ్ళారు. పాలు పట్టడం, బట్ట మార్చడం, ఊపిరి తేడా పసిగట్టడం నేర్పారు. రోగాలు పాకుతాయనే భయం నిజం కాలేదు. తల్లిపాలు తాగే బిడ్డలు పెరిగారు. దానిని చూసి కేంద్ర ప్రభుత్వం 2017లో దేశంలోని ఎస్.ఎన్.సి.యు.లన్నిటికీ మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం తల్లిదండ్రులకు నాలుగు పాఠాలు. మొదటిది చేతులు కడుక్కోవడం, చివరిది ఇంటికి వెళ్ళాక చూసుకునే పద్ధతి. అంటే తలుపు తెరవమని కాగితం ఎప్పుడో వచ్చింది. గొళ్ళెం మటుకు ఊరికొక రకంగా ఉన్నది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం 2021లో వచ్చింది. బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకునే పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టాడు. బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాకనే అలా కట్టుకోవాలని చాలాకాలం అనుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల ఐదు ఆస్పత్రులలో, కిలో నుంచి కిలో ఎనిమిదివందల గ్రాముల లోపు బరువున్న 3,211 మంది శిశువులను పరిశీలించారు. కొందరిని పుట్టగానే తల్లి గుండెకు చేర్చారు, కొందరిని పాత పద్ధతిలో ఉంచారు. నెల తిరిగేలోగా పాత పద్ధతిలో నూటికి 15.7 మంది పోతే, తల్లి గుండె మీద 12 మంది పోయారు. తేడా ఎంత స్పష్టమంటే, మిగిలిన బిడ్డలను పాత పద్ధతిలో ఉంచడం న్యాయం కాదని పరిశోధన ముందే ఆపేశారు. ఇది జరగాలంటే తల్లి మంచం యంత్రాల గదిలోనే ఉండాలి. మన వైపు కేంద్రం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి.

మంచం ఇచ్చాక కూడు పెట్టాలి. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం మామూలు కాన్పు అయిన తల్లికి మూడు రోజులు, కోత కాన్పు అయితే ఏడు రోజులు ఉచిత భోజనం. కిలోంబావు బిడ్డ ఆస్పత్రిలో ఉండవలసింది ఒక్కొక్కప్పుడు ముప్ఫై రోజులు. నాలుగో రోజు నుంచి ఆ తల్లి ఏమి తిని పాలివ్వాలి? బయట హోటలు ఇడ్లీ, సాంబారు. పత్యం తినవలసిన బాలింతకు అమ్మమ్మ ఇంత అన్నం వండి, చారు కాచి పెడదామంటే పొయ్యి ఏది? ఈ ప్రశ్నకు క్యాన్సర్ పిల్లల విషయంలో ఒక జవాబు దొరికింది. 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ బాలల వసతి గృహాలు ఇప్పుడు విశాఖలోనూ ఉన్నాయి. చికిత్సకు వచ్చిన కుటుంబానికి అద్దె లేకుండా చోటిస్తారు, తమ వంట తామే వండుకోవడానికి పొయ్యి ఇస్తారు. జిల్లా ఆస్పత్రి ఆవరణలో ఒక వంటపాక, నాలుగు పొయ్యిలు కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆస్పత్రి గేటుకు పెట్టే రంగుల ఆర్చి ఖరీదు కాదూ!

బ్రతకని బిడ్డల సంగతి వ్రాయకుండా దాటవేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. 2023 ఫిబ్రవరిలో, విశాఖలో చికిత్స పొందుతూ చనిపోయిన పసిబిడ్డను తల్లిదండ్రులు పాడేరు వైపు స్కూటరు మీద తీసుకుపోయినట్టు పత్రికల్లో వచ్చింది. నూరు కిలోమీటర్లకు పైన కొండదారి. అడిగినా బండి ఇవ్వలేదని వారు, ఏర్పాటు చేసేలోగా వెళ్ళిపోయారని ఆస్పత్రివారు. దేహాలను ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. ఆ గంటలో ఆ తల్లి పక్కన నిలబడి, "అమ్మా, ఇక్కడే కూర్చో, బండి వస్తుంది" అని చెప్పడం ఫలానా మనిషి పని అని ఏ కాగితం మీదా వ్రాసి ఉండదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రీ పాలాట్ వంటివారు ఇదంతా ఒక వైద్యశాఖగానే నడుపుతున్నారు. నొప్పి తగ్గించడం, రాబోయేది దాచకుండా మెల్లగా చెప్పడం, ఆఖరి ఘడియల్లో బిడ్డను తల్లి ఒళ్ళో ఉంచడం అందులో భాగం. మా జిల్లాలలో ఆ విద్య చాలా తక్కువమందికి అందింది.

ఈ మధ్య మా వైపే ఒక ఆస్పత్రిలో తలుపు తెరిచి ఉన్న గదిని చూశాను. బాలింతకు జ్వరం, బిడ్డ కిలోంబావు. నర్సు ఆ తండ్రిని, సముద్రం మీద పనిచేసే మొరటు మనిషిని, చొక్కా విప్పించి, సబ్బుతో మోచేతుల దాకా కడిగించి, బిడ్డను ఛాతీకి ఆనించి చీరముక్కతో కట్టింది. అతడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. "గాలి పీల్చు నాయనా, నువ్వు పీలిస్తేనే వాడూ పీలుస్తాడు" అన్నది నర్సు. గుమ్మంలో నిలబడిన ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మా అల్లుడు బాలింతయినాడు సూడండమ్మా" అని నవ్వుతున్నది. అతడు మటుకు ఎవరివైపూ చూడలేదు. గడియారం వైపు చూసి, ఇంకా ఎంతసేపు ఉంచుకోనిస్తారని నర్సును అడిగాడు.