ఇంజన్ మీద పుట్టుమచ్చ!

మన సినిమాల్లో చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు క్లైమాక్సులో ఒకరినొకరు ఎలా గుర్తుపడతారు? పుట్టుమచ్చ చూసి! మరి తప్పిపోయినవి కార్లయితే? నవ్వకండి, ఆ కథా జరిగింది.

1968లో వచ్చిన 'బుల్లిట్' చూశారా? శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల రోడ్ల మీద స్టీవ్ మెక్వీన్ ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్‌ని ఎగిరించిన దాదాపు 11 నిమిషాల ఛేజింగ్! ఎడిటింగ్‌కి ఫ్రాంక్ పి. కెల్లర్ ఆస్కార్ కొట్టేశాడు. తెర మీద ఒకటే కారు గానీ తెర వెనక రెండు. అచ్చంగా ద్విపాత్రాభినయం! వాటి నంబర్లు 558, 559తో ముగుస్తాయి.

559 నంబరుది 1974 నుంచి ఒక కుటుంబం దగ్గరే ఉండిపోయింది. 1977లో సాక్షాత్తూ మెక్వీనే "నాకు అమ్ముతారా?" అని ఉత్తరం రాసినా వాళ్లు ఇవ్వలేదు. స్టంట్లు చేసి నుజ్జయిన 558 ఇక లేదనుకున్నారు. 2017లో మెక్సికోలో బయటపడింది. గుర్తు పట్టించింది నంబరే! 2020 జనవరిలో 559 వేలంలో 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

ఇంత డబ్బుంటే నకిలీలు పుట్టవా? ఆకుపచ్చ రంగు ఎవరైనా కొడతారు. బానెట్ ఎత్తినప్పుడే అసలు సంగతి బయటపడేది.

మొదట బండి నంబరు చదవాలి. 8ఆర్02ఎస్ అని మొదలైతే, 8 అంటే 1968 మోడల్, ఆర్ అంటే శాన్‌హోసే ఫ్యాక్టరీ, 02 అంటే వెనక వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్, ఎస్ అంటే 390 ఘనపుటంగుళాల ఇంజన్. ఎస్ ఉండాల్సిన చోట వేరే అక్షరం ఉంటే? ఆ బండి ఈ ఇంజన్‌తో పుట్టలేదన్నమాటే!

తర్వాత ఇంజన్ మీద పోతపోసిన అక్షరాలు. సి8ఏఈ అని ఉందనుకోండి. సి అంటే 1960ల దశకం, 8 అంటే 1968, ఏ అంటే ఫోర్డు పెద్ద కార్ల కుటుంబం, ఈ అంటే ఇంజన్ విభాగం. "మస్టాంగ్‌లో పెద్ద కారు ముక్కా? మోసం!" అని కేకలెయ్యకండి. ఒకే ఇంజన్‌ని చాలా బండ్లకి వాడేవారు. పైగా అది డిజైను నంబరే. 1966 డిజైను 1968 బండిలో ఉండొచ్చు.

మరైతే తయారైన రోజు తెలిసేదెలా? దానికి వేరే ముద్ర ఉంటుంది. 8ఏ12 అంటే 1968 జనవరి 12. ఏ జనవరి, బి ఫిబ్రవరి... ఐ మాత్రం ఉండదు, ఒకటి అంకెలా కనబడుతుంది కదా! తలుపు అంచున రేకు మీద బండి తయారైన తేదీ ఉంటుంది. ఇంజన్ పోత తేదీ దానికన్నా ముందుండాలి. బండి జనవరిలో తయారై, బ్లాకు మార్చిలో పోసిందైతే... తల్లికన్నా ముందు పిల్ల పుట్టినట్టే!

ఇంకో తమాషా. చాలా 390 బ్లాకుల ముందు భాగాన 352 అని ఉంటుంది. అది చూసి అసలు ఇంజన్‌ని నకిలీ అనుకుంటే నష్టం మీదే. పిస్టన్ ఎంత దూరం కదులుతోందో కొలవండి. 390లో 3.78 అంగుళాలు, 352లో 3.50. పోత అక్షరం తికమక పెట్టొచ్చు గానీ స్కేలు అబద్ధమాడదు!

ఆఖరి పరీక్ష బ్లాకు మీద గుద్దిన బండి నంబరు. అది బండితో కలిస్తే పుట్టుకతో వచ్చిన ఇంజన్ అంటారు. కలవకపోయినా తేదీలూ భాగాలూ సరిపోతే ఆ కాలపు సరైన ఇంజన్ అంటారు. రెంటికీ ధరలో బోలెడు తేడా! అందుకే కొందరు పాత నంబరు అరగదీసి కొత్తది గుద్దుతారు. చుట్టూ ఉన్న ఇనుము గరుకుగా ఉండి అక్కడొక్కచోటే నున్నగా మెరిసిందా, జేబు గట్టిగా పట్టుకోండి.

ఇంజన్ మార్చడం నేరమేమీ కాదు. యాభై ఏళ్లు పరుగెత్తిన బండికి గుండె మార్చాల్సి రావచ్చు. మార్చి, "మార్చలేదు" అని అమ్మడమే నేరం. ఎవరో కుర్రాడు ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఆ ఒక్క అబద్ధంతో ఆవిరైపోతుంది.

డూపుని డూపు అని చెప్పి చూపిస్తే మనమూ చప్పట్లు కొడతాం. హీరో అని నమ్మించి టిక్కెట్టు అమ్మితేనే కదా ఒళ్లు మండేది!