అమీర్‌పేట ఇళ్లల్లో ఏ భాష?

2011 జనాభా లెక్కల్లో ‘మీ మాతృభాష ఏది?’ అని అడిగితే దేశం మొత్తం మీద జనం చెప్పిన పేర్లు 19,569. ఒకే భాషను పది పేర్లతో చెప్పినవాళ్లు, ఊరి పేరో కులం పేరో చెప్పినవాళ్లు అందరూ అందులో ఉన్నారు. అధికారులు జల్లెడ పట్టగా మిగిలినవి 1,369 మాతృభాషలు. ఇంకో 1,474 పేర్లు ఎక్కడ పెట్టాలో తెలియక ‘ఇతరములు’ గంపలోకి పోయాయి. పదివేల మందికి పైగా మాట్లాడేవి చివరికి 121 భాషలే అని తేల్చారు.

అదే లెక్కల్లో హైదరాబాద్ జిల్లాది మరో విశేషం. జిల్లా జనాభా 39 లక్షల పైచిలుకు. తెలుగు, ఉర్దూ రెండూ నూటికి నలభై దాటాయి. ఈ రెండింటి తర్వాత హిందీ, మార్వాడీ, తమిళం, మరాఠీ, కన్నడం, గుజరాతీ ఉన్నాయి. కరెన్సీ నోటు వెనుక భాషల పట్టీ చూడండి: పదిహేను భాషల్లో చిట్టచివరి రెండూ తెలుగూ ఉర్దూలే, ఒకదాని కింద ఒకటి. ఇంగ్లిష్ అక్షర క్రమం వల్ల అలా పడ్డాయి గానీ, హైదరాబాదీ చూస్తే ‘మా గల్లీ కదా ఇది’ అనుకుంటాడు.

ఆ 39 లక్షల్లో అమీర్‌పేట మండలం వాళ్లూ ఉన్నారు. అయితే అక్కడ అసలు చిక్కు హాస్టళ్లతో వస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల కోసం వచ్చే పిల్లలకు ఇల్లంటే నాలుగు మంచాల గది. ఒకమ్మాయి తండాకు ఫోన్ చేసి వాళ్లమ్మతో లంబాడీలో మాట్లాడుతుంది. ఫోన్ పెట్టేసి రూమ్మేటుతో తెలుగు, వంటమనిషితో హిందీ. కింద ఆటో ఎక్కితే డ్రైవర్ ‘మీటర్ నక్కో’ (మీటర్ వద్దు) అని హైదరాబాదీ ఉర్దూ అయిన దక్కనీలో బేరం మొదలుపెడతాడు. క్లాసులో సార్ ఇంగ్లిష్‌లో మొదలెట్టి ‘అర్థమైందా?’ దగ్గర తెలుగులోకి దిగిపోతాడు. పంజాగుట్ట వైపు మెట్రో ఎక్కితే స్టేషన్ పేరు మూడు భాషల్లో వినిపిస్తుంది. ఇంతా చేస్తే జనాభా లెక్కల ఫారంలో మాతృభాష కాక తెలిసిన ఇతర భాషలకు ఉన్నవి రెండే గళ్లు! తెలుగు, హిందీ రాయగానే ఆ అమ్మాయి నేర్చుకున్న ఇంగ్లిష్‌కు చోటుండదు. ఫీజు కట్టింది మాత్రం దానికే.

లంబాడీ సంగతి ఇంకా విచిత్రం. 2011లో దేశమంతటా 32 లక్షల 76 వేల మంది తమ మాతృభాష లంబాడీ అని రాయించుకున్నారు. పట్టికలో మాత్రం వాళ్లంతా హిందీ కింద ఉన్నారు. మార్వాడీదీ అదే గతి, దాన్ని రాయించుకున్నవారు 78 లక్షలు. హిందీ మాట్లాడేవారు 52 కోట్లని గొప్పగా చెప్పుకునే అంకెలో వీళ్లూ కలిసే ఉన్నారు. దక్కనీని ఉర్దూలో కలిపేస్తారు. అది కలిసినా ఉర్దూ 2001లో 5.15 కోట్ల నుంచి 2011 నాటికి 5.07 కోట్లకు తగ్గింది. పెద్ద భాషల్లో ఇలా జారడం అరుదు. తెలుగు తగ్గలేదు, 7.40 కోట్ల నుంచి 8.11 కోట్లకు పెరిగింది. అయినా మరాఠీ దాటిపోవడంతో మూడో స్థానం పోయి నాలుగోది వచ్చింది.

ప్రభుత్వ నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే మన నగరం ఏమవుతుంది? పంజాగుట్ట మాల్‌లో ‘డోంట్ టచ్, కమ్ హియర్’ అని బిడ్డను పిలిచే తల్లుల పిల్లలందరిదీ ఇంగ్లిషే! 2011లో దేశం మొత్తం మీద ఇంగ్లిష్ మాతృభాషగా రాయించుకున్నవారు 2 లక్షల 60 వేలే. ఇళ్లలో నిజంగా ఇంగ్లిష్ వినేవాళ్లు ఇంతమందే అంటే నేను నమ్మను.

ఇదే నగరంలో తెలుగుకు నోరు తెరిచే వీలు లేని రోజులూ ఉన్నాయి. నిజాం సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే. అయినా 1921 నవంబరులో వివేకవర్ధిని పాఠశాలలో, సంఘసంస్కర్త మహర్షి కర్వే అధ్యక్షత వహించిన సభలో, న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల సంఘంగా ఆంధ్ర జన సంఘం పుట్టింది. అంతకు మూడేళ్ల ముందే, 1918లో, దేశభాషలో ఉన్నత విద్య చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇక్కడే మొదలైంది. ఆ దేశభాష ఉర్దూ.

అమీర్‌పేటలో కోర్సు ముగించి విమానం ఎక్కినవాళ్ల లెక్క వేరే దేశాల పట్టికల్లో దొరుకుతుంది. అక్కడ అడిగే ప్రశ్న వేరు: ‘ఇంట్లో ఇంగ్లిష్ కాక ఏ భాష మాట్లాడతారు?’ అమెరికాలో 2010–2017 మధ్య తెలుగు 86 శాతం పెరిగి 4 లక్షలు దాటింది. అంత వేగంగా పెరిగిన భాష మరోటి లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆస్ట్రేలియాలో 2016లో 34 వేలున్న సంఖ్య 2021కి 59 వేలైంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగంలోనైతే ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరే ఉంది, ‘తెలెగు’ అన్న స్పెల్లింగుతో.

మన దగ్గర తర్వాతి జనగణన 2027లో. ఎన్యూమరేటర్ ‘తెలుగే కదండీ?’ అని తనే రాసేసుకోబోతే ఒక్క క్షణం ఆపండి. మీ అమ్మ మీతో మాట్లాడింది లంబాడీ అయితే లంబాడీ అని, కోయ అయితే కోయ అని, దక్కనీ అయితే దక్కనీ అని స్పష్టంగా చెప్పి రాయించండి.