నోరు లేని తిండిపోతు

తామర అనగానే కొలనులో పువ్వు గుర్తొస్తుంది. మనం మాట్లాడుకునేది ఆ తామర గురించి కాదు. చర్మం మీద గుండ్రంగా ఎర్రటి మచ్చలా లేచి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకుండా దురద పెట్టే తామర గురించి. ఇంగ్లీషులో దీన్ని రింగ్‌వర్మ్ అంటారు గానీ ఇందులో పురుగేమీ లేదు. దీనికి కారణం ఒక శిలీంధ్రం, అంటే బూజు, పుట్టగొడుగుల వర్గానికి చెందిన జీవి.

శిలీంధ్రానికి నోరు లేదు, కడుపూ లేదు. మనం తిన్నాక అరిగించుకుంటాం. అది ముందు అరిగించి, తర్వాత తింటుంది! దారాల్లాంటి తంతువుల నుంచి ఎంజైములను బయటికి వదులుతుంది. అవి ఎదుట ఉన్న పదార్థాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలను తంతువులు పీల్చుకుంటాయి. రొట్టె మీది బూజు చేసే పనీ ఇదే.

తామర శిలీంధ్రానికి ఇష్టమైన తిండి కెరాటిన్. మన చర్మం పైపొరలో, వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే ప్రోటీన్ ఇది. దీని పోగులను గంధకపు బంధాలు కుట్లు వేసినట్టు గట్టిగా పట్టి ఉంచుతాయి. అన్నంలో పడిన వెంట్రుకను పొరపాటున మింగినా మన కడుపు దాన్ని అరిగించలేదు. మరి కంటికి కనిపించని ఈ జీవికి ఎలా సాధ్యం? ముందుగా సల్ఫైట్ అనే రసాయనాన్ని వదిలి ఆ కుట్లను తెంపుతుంది. వదులైన పోగులను ఎంజైములు కత్తిరిస్తాయి. రోగం కలిగించే శక్తిలో పెద్ద భాగం దానికి ఈ విద్య వల్లే వచ్చింది.

మొదలైన చోటు నుంచి అది అన్ని వైపులా పాకుతుంది కాబట్టి మచ్చ గుండ్రంగా ఉంటుంది. అంచుల్లో మన రోగనిరోధక శక్తి దానితో పోరాడుతుంది. ఆ ఎరుపు, దురద ఆ పోరాటం వల్లే.

చిక్కంతా ఇక్కడే ఉంది. డాక్టరును అడగకుండా మందుల షాపులో కొనే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాస్తే త్వరలోనే ఎరుపు తగ్గుతుంది. తగ్గింది మన పోరాటమే గానీ శిలీంధ్రం కాదు. కావలి లేని చేలో పశువులు పడ్డట్టు అది ఇంకా విస్తరిస్తుంది.

డాక్టర్లు ఇచ్చే టెర్బినఫిన్ అనే మందు శిలీంధ్రాన్నే దెబ్బ తీస్తుంది. అది తన కణపొరను కట్టుకోవడానికి వాడే ఒక ఎంజైమును ఈ మందు ఆపేస్తుంది. అయితే కొన్నేళ్లుగా మన దేశంలో దీనికి సరిగా లొంగని తామర కనిపిస్తోంది. జన్యువులో వచ్చిన చిన్న మార్పు వల్ల ఆ ఎంజైము ఆకారం మారింది. తాళం మారితే పాత తాళంచెవి పట్టనట్టే, మందు దానికి అతకడం లేదు. 2020లో జపాన్ పరిశోధకులు ఈ శిలీంధ్రానికి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అందులో ‘ఇండో’ అంటే మన దేశమే. సంతోషించాల్సిన గౌరవం కాదు లెండి!

రాలిన చర్మపు పొట్టులోనూ ఈ శిలీంధ్రం చాలాకాలం బతికే ఉంటుంది. అందుకే డాక్టర్లు దురద పోయాక కూడా చెప్పినన్ని రోజులూ మందు వాడమంటారు, ఎవరి తువ్వాలు వాళ్లే వాడుకోమంటారు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయమంటారు.