బియ్యపు గింజంత సైనికులు.. చరిత్రను లెక్క అడిగే ఆట

క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదుర్కొన్న రాజు పురుషోత్తముడు (పోరస్) 200 ఏనుగులను బారులుతీర్చాడనీ, ఏనుగుకూ ఏనుగుకూ మధ్య కనీసం వంద అడుగుల ఎడం ఉంచాడనీ గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. చదువుతుంటే రెండూ మామూలు వివరాల్లాగే కనిపిస్తాయి. గుణించి చూస్తే 20,000 అడుగులు, అంటే సుమారు ఆరు కిలోమీటర్లు! నది దాటి వచ్చిన అలెగ్జాండర్ కాల్బలం 6,000కు మించదని చెప్పిందీ అరియనే. ఆ 6,000 మందినీ ఎనిమిది వరుసల లోతున నిలిపితే ముందు వరుసలో ఉండేది 750 మంది. మనిషికి మూడడుగులు ఇచ్చినా ఆ వరుస ముప్పాతిక కిలోమీటరుకు రాదు. ఆరు కిలోమీటర్ల బారుకు ఎదురుగా ముప్పాతిక కిలోమీటరు బారు. ఇది ఎలా కుదిరింది?

పేజీలు తిప్పుతూ పోయే పాఠకుడికి ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. అవే సైన్యాలను కొలత ప్రకారం బల్లమీద నిలబెట్టబోయేవారికి మాత్రం మొదట్లోనే ఎదురవుతుంది. చిట్టి లోహపు బొమ్మలతో పాతకాలపు యుద్ధాలను మళ్లీ నడిపించి చూసే ఈ ఆటను వార్‌గేమింగ్ అంటారు. ఇందులో బాగా చిన్న బొమ్మలు వాడే పద్ధతి ఒకటుంది. నిలువెత్తున నిలిచిన సైనికుడు అందులో 6 మిల్లీమీటర్లు, అంటే దాదాపు బియ్యపు గింజంత. 3, 2 మిల్లీమీటర్ల బొమ్మలు కూడా దొరుకుతాయి. ఇంత చిన్నవి ఎందుకు, వాటితో ఏం తెలుస్తుంది అన్నదే ఈ వ్యాసం.

చదరంగం నుంచి పుట్టిన సంతతి

ఈ ఆట మూలాలు మన నేలమీదే ఉన్నాయి. పదాతి, అశ్వ, రథ, గజ దళాలు నాలుగూ కలిసిన సైన్యం చతురంగ బలం. దాని పేరుతో పుట్టిన చతురంగం పర్షియా మీదుగా అరబ్బులకు, వారి నుంచి యూరప్‌కు చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే అధ్యాపకుడు ఆ చెస్ బల్లనే 1,617 గళ్లకు పెంచి, గళ్లకు కొండలు, నదులు, ఊళ్లు అద్ది, యుద్ధవిద్య నేర్పే ఆటగా మలిచాడు. తర్వాత ప్రష్యాలో రైస్‌విట్జ్ గళ్లను తీసేసి, నేలను నమూనాగా చూపించే ఆటను 1812లో రాజుకు సమర్పించాడు. ఆయన కొడుకు దాన్ని సైనిక పటం మీదికి తెచ్చి 1824లో నియమాలు ప్రచురించాడు. అదృష్టం పాలును చూపడానికి పాచికలు, తగవు తీర్చడానికి మధ్యవర్తి అందులో ఉన్నారు. ప్రష్యన్ సైన్యం దాన్ని అధికారుల శిక్షణకు వాడుకుంది.

ఇంగ్లండ్‌లో రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో దీన్ని ఇళ్లలోకి తెచ్చాడు. ప్రాచీన యుద్ధాలకు ప్రత్యేకంగా నియమాలు రాసిన వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ 1969లో మొదలైంది. అక్కడి నుంచే 1990లో ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ అనే చిన్న నియమావళి వచ్చింది. ఆటగాళ్లు దాన్ని ముద్దుగా డి.బి.ఎ. అంటారు.

బొమ్మ తగ్గితే నేల పెరుగుతుంది

మామూలుగా ఆడేవారు ఎక్కువగా వాడేది 28 మిల్లీమీటర్ల బొమ్మ. ముఖం, గడ్డం, డాలు మీది బొమ్మ అన్నీ కనిపిస్తాయి. అందంలో దానికి సాటి లేదు. చిక్కంతా నేలతోనే. 28 మిల్లీమీటర్ల మనిషి అసలు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. ఆరడుగుల బల్ల అంటే 1.8 మీటర్లు. దాన్ని అరవైతో గుణిస్తే 108 మీటర్లు. విల్లు నుంచి వెళ్లే బాణం సుమారు 150 మీటర్లు పోతుందనుకుంటే, ఆ కొలతలో అది బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాటి నేలమీద పడుతుంది! అందుకే పెద్ద బొమ్మల ఆటలో దూరాలను బాగా కుదించక తప్పదు. నలుగురు బొమ్మ సైనికులు ఒక వెయ్యిమందికి గుర్తుగా నిలుస్తారు. కంటికి మాత్రం నలుగురే కనిపిస్తారు.

6 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో మూడువందో వంతు. అదే బల్ల ఇప్పుడు 540 మీటర్ల నేల. 2 మిల్లీమీటర్లకు దిగితే కొలత సుమారు 850వ వంతు, బల్ల కిలోమీటరున్నర దాటుతుంది. చాలా ప్రాచీన యుద్ధాల్లో ప్రధాన పోరు సాగిన నేల అటూఇటుగా ఈ పరిమాణంలోనే ఉంటుంది. ఇప్పుడు బొమ్మలను నేల కొలతకు దగ్గరగా నిలపవచ్చు. సైన్యం వెడల్పెంత, లోతెంత, వెనక ఖాళీ ఎంత, పక్కకు తిరగడానికి చోటుందా అన్నవి కంటికి తెలుస్తాయి.

ఒక్క బేస్‌ను దగ్గరగా చూద్దాం. బొమ్మలను అంటించే పలచని చెక్క లేదా అట్టముక్కను బేస్ అంటారు. 6 మిల్లీమీటర్ల కాల్బలం సాధారణంగా నలుగురేసి కలిసిన పట్టీలుగా పోతపోసి వస్తుంది. 60 మిల్లీమీటర్ల వెడల్పున్న బేస్ మీద అలాంటివి మూడు పట్టీలు పక్కపక్కన పడతాయి. అలా నాలుగు వరుసలు అంటిస్తే 48 మంది. అదే బేస్ మీద 28 మిల్లీమీటర్ల బొమ్మలు నలుగురే పడతారు. నలుగురిని చూస్తే నలుగురు మనుషులు గుర్తొస్తారు. 48 మందిని చూస్తే దళం గుర్తొస్తుంది. ఈటెల వరుస, డాళ్ల వరుస, మధ్య సందు లేకపోవడం, అన్నీ ఒక్క చూపులో అందుతాయి. 2 మిల్లీమీటర్ల బొమ్మల్లో అయితే దళమంతా ఒకే దిమ్మగా పోతపోసి ఉంటుంది. తలలు చిన్న బుడిపెలుగా కనిపిస్తాయి.

రంగులు వేయడంలోనూ పద్ధతి మారుతుంది. ముందు నల్లరంగు పట్టించి, ఉబ్బెత్తు భాగాలకే రంగు అద్దుతారు. లోతుల్లో మిగిలిన నలుపే నీడ అవుతుంది. చిన్న వస్తువు మీద రంగు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఎరుపైనా నీలమైనా ఒక పాలు లేతగా వాడతారు. కళ్లు, పెదాలు దిద్దే పని లేదు. డాళ్ల రంగు సరిగ్గా కుదిరితే దళం దూరం నుంచే గుర్తుపట్టేలా ఉంటుంది.

పాచిక చెప్పే పాఠం

డి.బి.ఎ.లో ఒక్కో పక్షానికి 12 బేసులు. వంతు వచ్చినప్పుడు ఒక పాచిక వేయాలి. పడిన అంకె ఎంతో అన్ని కదలికలే. ఆరు పడితే ఆరు, ఒకటి పడితే ఒకటి. అయితే అంచుకు అంచు ఆనించి నిలిచిన బేసులన్నీ కలిసి ఒకే బారుగా కదిలితే ఒక్క కదలిక కిందే లెక్క. బారు చెదిరిందా, ప్రతి బేస్‌కూ విడివిడిగా కదలిక ఖర్చుపెట్టాలి.

ఈ చిన్న నియమంలో పెద్ద చరిత్ర ఉంది. అప్పట్లో సేనాపతికి ఉన్నవి గొంతు, కొమ్ముబూర, జెండా, గుర్రమెక్కిన వార్తాహరుడు. యుద్ధం మొదలయ్యాక ఆజ్ఞ అందరికీ చేరదు. అందుకే ప్రాచీన సేనలు బారు చెదరకుండా ఉండడానికి అంత ప్రాణం పెట్టాయి. బారు చెదిరాక పాచికపై రెండు పడినప్పుడు, మిగతా బేసులన్నీ ఎటూ కదలకుండా చూస్తూ నిలిచిపోతాయి. ఆ క్షణంలో ఆటగాడికి పుస్తకం చెప్పలేని సంగతి తెలుస్తుంది.

పోరులో ఇద్దరూ పాచిక వేసి, తమ దళానికి ఉన్న బలాంకాన్ని కలుపుతారు. తక్కువ వచ్చినవాడు సాధారణంగా వెనక్కి తగ్గుతాడు, సగానికి పడిపోతే చాలావరకు నాశనమే. పక్కనుంచి శత్రువు తగిలి ఉంటే వెనక్కి తగ్గాల్సిన దళం కూడా నాశనమవుతుంది. నాలుగు బేసులు ముందుగా పోగొట్టుకున్నవాడు ఓడినట్టు. అంటే మూడోవంతు పోతే చాలు, మిగతావారి ధైర్యం చెదిరిపోతుందని లెక్క.

బల్లమీద జీలం

ఇప్పుడు ఏనుగుల లెక్కకు వద్దాం. అరియన్ 200 అన్నాడు, డయడోరస్ 130 అన్నాడు, కర్టియస్ 85 అన్నాడు. వంద అడుగుల ఎడం అరియన్ మాట. దాన్నే మూడింటికీ వర్తింపజేసి చూస్తే బారు పొడవు వరసగా ఆరు, నాలుగు, రెండున్నర కిలోమీటర్లు. పురుషోత్తముడి కాల్బలం 30,000 అనుకుంటే, మొదటి లెక్కలో అది నాలుగైదు వరుసల లోతుకు పలచబడుతుంది. చివరి లెక్కలో పది వరుసలు దాటుతుంది. నాలుగు వరుసల సేనకూ పది వరుసల సేనకూ పోరాడే తీరులో చాలా తేడా ఉంటుంది. ఏ సంఖ్య నిజమో బల్ల తేల్చలేదు. అన్ని సంఖ్యలూ ఒకేసారి నిజం కాలేవని మాత్రం తేల్చిచెబుతుంది. ఏనుగులు తక్కువైనా ఉండాలి, ఎడం తక్కువైనా ఉండాలి, లేదా అలెగ్జాండర్ సేన చెప్పినదానికన్నా పెద్దదైనా అయి ఉండాలి.

బేసులు పరిచాక ఎత్తుగడ కూడా విప్పారుతుంది. పురుషోత్తముడు ఏనుగులను ముందు నిలిపింది గుర్రాల కోసం. ఏనుగు వాసనకు, ఘీంకారానికి అలవాటు లేని గుర్రం దగ్గరకు రాదు. అందుకే అలెగ్జాండర్ ఎదురుగా వెళ్లకుండా ఆశ్వికదళంతో భారత సేన ఎడమ అంచు మీద పడ్డాడు. భారత గుర్రాలు అటు చేరుకునేసరికి అలెగ్జాండర్ సేనాని కీనస్ వెనక నుంచి వచ్చాడు. రెండు వైపులా తిరగాల్సి వచ్చిన గుర్రాలు ఏనుగుల మధ్యకు తగ్గాయి. అలెగ్జాండర్ తేలికపాటి యోధులు ఈటెలతో, బాణాలతో మావటీలను పడగొట్టారు. దారి చూపేవాడు లేక, కదలడానికి చోటు లేక, ఏనుగులు తమవారినీ పరాయివారినీ తొక్కాయి. రథాలకు బురద శాపమైంది.

పురుషోత్తముడి పక్షాన ఆడేవారికి తెలిసొచ్చేది ఒకటే. పొడవాటి బారు ముందుకు నడుస్తున్నంతసేపు భీకరం. అంచు మీద దెబ్బ పడినప్పుడు దాన్ని తిప్పడానికి పాచికపై ఎంత పడినా చాలదు. ధైర్యానికి లోటు రాలేదు. చివరిదాకా ఏనుగు మీదే ఉండి పోరాడిన రాజు ఆయన. తిరగడానికి వ్యవధే దొరకలేదు.

లెక్క కొత్తది కాదు

సైన్యం సంఖ్యను చోటుతో సరిచూసే ఈ పద్ధతికి ఆద్యుడు క్రీ.పూ. రెండో శతాబ్దపు చరిత్రకారుడు పాలిబియస్ అనవచ్చు. అలెగ్జాండర్ పర్షియన్లను ఎదుర్కొన్న ఇస్సస్ యుద్ధంలో సముద్రానికీ కొండకూ మధ్య 14 స్టేడియాల (స్టేడియం గ్రీకుల దూరపు కొలత) చోటు మాత్రమే ఉందని, పర్షియన్ గుర్రాలు 30,000 అని అలెగ్జాండర్ చరిత్రకారుడు కలిస్తనీస్ రాశాడు. ఎనిమిది వరుసల లోతున, దళాల మధ్య తగిన ఖాళీతో నిలిపితే ఒక స్టేడియానికి 800 గుర్రాలే పడతాయని పాలిబియస్ లెక్కకట్టాడు. పద్నాలుగింటికీ కలిపి 11,200. మరి మిగతా గుర్రాలు ఎక్కడ నిలిచాయని అడిగాడు. మన కాలంలో లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు ఫిలిప్ సబిన్ 2007లో ‘లాస్ట్ బ్యాటిల్స్’ అనే గ్రంథంలో ఇదే ప్రశ్నను పద్ధతిగా మలిచాడు. అనేక ప్రాచీన యుద్ధాలను ఒకే నియమావళి కింద నడిపి, మూలగ్రంథాలు చెప్పినవాటిలో ఏది దేనితో పొసగుతుందో పరీక్షించాడు. ఆయన ఆటలో యుద్ధం ఓడిన పక్షం కూడా, చరిత్రలో జరిగినదానికన్నా మెరుగ్గా నిలిస్తే ఆట గెలవవచ్చు. బలం సమానంగా లేని యుద్ధాన్ని న్యాయంగా ఆడే మార్గం అది.

ఆటకు హద్దులూ ఉన్నాయి. ఆకలి, వాన, భయం, గాయం అంకెలుగా మారినప్పుడు వాటి బరువు తగ్గిపోతుంది. బల్లమీద నుంచి తీసిన ఒక్క బేస్ వెనక వందలమంది ప్రాణాలున్నాయి. అది మరిచిపోయి ఆడితే ఈ ఆట వల్ల మనకు దక్కేది ఏమీ లేదు.

మన చరిత్రకు ఈ లెక్క ఎంతో అవసరం. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు మీదికి 7,03,000 కాల్బలంతో, 32,600 గుర్రాలతో, 551 ఏనుగులతో కదిలాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. వరుసకు పదిమంది చొప్పున, వరుసకు మీటరు ఎడంతో ఒకే బాటన నడిస్తే కాల్బలమే 70 కిలోమీటర్లు. రోజుకు 20 కిలోమీటర్ల నడక అనుకుంటే ముందువాడు బయలుదేరిన నాలుగో రోజుకు గానీ చివరివాడు అడుగు వేయడు. వాళ్లకు నీళ్లెక్కడివి, గుర్రాలకు మేతెక్కడిది? అడిగినందువల్ల రాయల ఘనత తగ్గదు. ఆయన సైన్యాన్ని నిజంగా ఎలా నడిపాడో తెలుసుకునే దారి తెరుచుకుంటుంది.

దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. గ్రాఫ్ కాగితం, అట్టముక్కలు, స్కేలు, ఒక పాచిక చాలు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. యుద్ధం పాఠం వచ్చినప్పుడు సంవత్సరాన్ని, విజేతను బట్టీ పట్టించి వదిలేయకండి. ఎంతమంది, ఎంత చోటు, ఎన్ని వరుసలు అని పిల్లలచేత ఒక్కసారి లెక్క కట్టించండి. చదివిన ప్రతి సంఖ్యనూ ప్రశ్నించే అలవాటు వారికి అక్కడే మొదలవుతుంది.