రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త – దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

సెలవులిస్తే చాలు, పెట్టె సర్దుకుని బస్సెక్కుతాం. కడ్తాల్, ఆమనగల్లు, అచ్చంపేట వైపు తండాలకు, పెంటలకు పోయేవాళ్లందరికీ మహేశ్వరం పక్క నుంచి పోయే శ్రీశైలం రోడ్డే దారి. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల బండ్లు బాగా పెరిగాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిచేవాళ్లను రానివ్వరు. శ్రీశైలం రోడ్డు అట్లా కాదు, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. దాటక తప్పదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. రెండు లైన్ల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. మామూలుగా నడిస్తే దాటడానికి 6 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆ 6 సెకన్లలో 100 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు తొక్కినా, కారే 35 మీటర్లకు పైగా పోయి గానీ ఆగదు. లోడు లారీకి ఇంకా ఎక్కువ దూరం కావాలి. "దూరంగానే ఉంది కదా" అని ఉరకడం అందుకే ప్రమాదం.

దాటేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

1. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడాలి.
2. బస్సు దిగగానే దాని ముందు నుంచి దాటొద్దు. బస్సు పోయినాకనే దాటాలి.
3. తెల్ల చారల జీబ్రా క్రాసింగ్ ఉంటే అక్కడే దాటాలి. అక్కడ నడిచేవాళ్లకే మొదటి హక్కు. అయినా బండి ఆగిందని చూసుకున్నాకే అడుగు వేయాలి.
4. చీకట్లో తెల్ల బట్టలు వేసుకోవాలి. చిన్న తమ్ముళ్ల చెయ్యి వదలొద్దు.

ఇక బాధ్యత సంగతి. "పెద్ద బండిదే తప్పు" అని కొందరు, "చూసుకోకుండా ఉరికిండు" అని కొందరు వాదిస్తారు. చట్టం ఏమంటుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. పారిపోతే అది ఇంకో నేరం. ప్రతి బండికీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నడిచేవాళ్ల తప్పు కొంత ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు గానీ, మొత్తం పోదు. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా, 2022 ఏప్రిల్ నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. ఈ సంగతి తెలియక మన తండాల్లో అమ్మానాయనలు అప్పు చేసి ఆస్పత్రి బిల్లు కట్టకూడదు.

ఇంకొకటి. 18 ఏళ్లు నిండనివాళ్లు బండి నడిపి ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు గానీ, బండి యజమానికి గానీ 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. సెలవుల్లో అన్న బండి అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే గుమిగూడి చూస్తూ నిలబడొద్దు. 108కి ఫోన్ చేయించండి. బండి నంబరు రాసుకోండి. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదని చట్టంలోనే ఉంది. తప్పు ఎవరిదో తర్వాత తేలుతుంది, ముందు ప్రాణం నిలబెట్టాలి.

ఇది చదివిన ప్రతి ఒక్కరూ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాయనలకూ, తండాలోని పిల్లలకూ చెప్పండి.