నల్లజాతి పసులకాపరులు - వారి పాట

అమెరికా 'కౌబాయి' యనగానే చలనచిత్రములు ప్రేక్షకుల కన్నులకు గట్టించినది గుఱ్ఱమెక్కిన తెల్లవాని రూపము. చరిత్ర వేఱుమాట చెప్పుచున్నది. 1860 నాటి లెక్కలలో టెక్సాసునందు బానిసలు 1,82,566 మంది; జనులలో నూటికి ముప్పదిమంది. 1861లో అంతర్యుద్ధము రాగా యజమానులనేకులు సైన్యమున జేరిరి. మందల భారము బానిసలపై బడెను. 1865లో విముక్తులైన వెనుక వారిలో పెక్కుమందికి చేతనున్న విద్య పశుపాలనమే. కావున కూలికి కుదిరి, టెక్సాసునుండి కాన్సాసు రైలుస్టేషన్లకు వందల మైళ్లు మందలను తోలిరి. కాపరులలో నలుగురికొకడు నల్లజాతివాడని చరిత్రకారుల అంచనా. వారిలో నొకడగు నాట్ లవ్ 1907లో స్వీయచరిత్రమును వెలయించెను. అందు గొప్పలు లేకపోలేదు.

ఇక పాట. రాత్రి మంద పండుకొన్న పిమ్మట ఇద్దరు కాపరులు గుఱ్ఱములపై దాని చుట్టును తిరుగుచు కావలి కాయుదురు. ఒక పిడుగు, ఒక పుల్ల విఱిగిన చప్పుడు చాలును. వేల పశువులు బెదరి పరుగిడును. త్రోవనున్న మనుష్యుని ప్రాణము దక్కుట కష్టము. అందుచే వారు మెల్లగా, తెంపులేక, సాగదీసి పాడుచుండిరి. పాట అచ్చట వేడుక కాదు, పనిముట్టు. ప్రత్తిచేలలోను ప్రార్థనలలోను పెరిగిన దీర్ఘాలాపము నల్లవారితోకూడ ఆ మైదానములకు వచ్చి, మెక్సికో కాపరుల బాణీలతోను, ఐరిషు వలసదారుల బాణీలతోను కలిసిపోయెను.

జాన్ లోమాక్స్ 1910లో ప్రకటించిన కాపరిపాటల సంపుటమున 'హోమ్ ఆన్ ది రేంజ్' కలదు. ఆయన దానిని గ్రహించినది శాన్ ఆంటోనియోలో సారాయి అంగడి నడుపుచుండిన యొక నల్లజాతి గాయకునివద్ద. ఆ గాయకుడు పూర్వము మందలవెంట వంటవాడుగా తిరిగినవాడు. 1947లో కాన్సాసు ఆ పాటను రాష్ట్రగీతముగా గైకొనెను. పాడినవానిని తలచువారు అరుదు.

ఈ మఱపునకు అజ్ఞానమొక్కటే కారణము కాదు. 1920 దశకమున గ్రామఫోను కంపెనీలు నల్లవారి రికార్డులకొక జాబితా, తెల్లవారి పల్లెపాటలకు వేఱొక జాబితా ఏర్పఱచెను. వర్తకుల సౌకర్యమునకు గీచిన గీటు జనుల తలపులలోనికి పాకెను. 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' కార్యక్రమమున హార్మోనికా వాయించిన డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించిరి. కంట్రీ సంగీత గౌరవమందిరమున ఆయనకు స్థానమబ్బినది 2005లో, మరణించిన ఇరువదిమూడేండ్లకు! 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్'ను బిల్‌బోర్డు పత్రిక కంట్రీ జాబితానుండి తీసివేయగా, ఆ పాటయే సర్వసామాన్య జాబితాలో 19 వారములు అగ్రస్థానమున నిలిచెను. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' వెలువడెను. 2025 ఫిబ్రవరిలో దానికి ఉత్తమ కంట్రీ ఆల్బముగా గ్రామీ బహుమతి లభించెను. నల్లజాతివారికి ఆ బహుమతి దక్కుట అదియే మొదలు.