వేగం చాలదు, వేడి తగ్గాలి

విజయవాడ గాంధీనగర్ థియేటర్లలో డబ్బింగ్ సినిమాలు చూసినవాళ్లకి అజిత్ కుమార్ తమిళ హీరోగానే తెలుసు. పుట్టింది సికింద్రాబాద్‌లో. 1993లో ‘ప్రేమ పుస్తకం’ అనే తెలుగు సినిమాలో హీరోగా వేశాడు. 2010లో ఫార్ములా టూ రేసుల్లో కారు నడిపాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ మనిషే 2025 జనవరిలో, యాభై దాటాక, సొంత జట్టుని వెంటేసుకుని దుబాయ్ 24 గంటల రేసుకి వెళ్లాడు.

ప్రాక్టీసులో ఆయన కారు అడ్డుగోడకి గుద్దుకుంది. దెబ్బలేమీ తగల్లేదు. ఆ తర్వాత జట్టు కారైన 901 నంబరు పోర్షేని సహచరులకి వదిలి, తాను మరో జట్టు వారి జీటీ4 కేమన్ నడిపాడు. మాథ్యూ డెట్రీ, ఫాబియన్ డఫియూ, కామెరాన్ మెక్‌లాయిడ్ వంతులవారీగా నడిపిన 901 తన తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. అభిమానుల సందడిలో అసలు విశేషం మరుగున పడింది. ఒక కారు ఒక రోజంతా ఆగకుండా పరుగెత్తడం ఎలా సాధ్యం?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు గంటలోపే ముగిసింది. అలాంటి చోట వేగమే అంతా. దుబాయ్ లెక్క వేరు. ట్రాక్ పొడవు 5.39 కిలోమీటర్లు, ఒక చుట్టుకి సుమారు రెండు నిమిషాలు. 24 గంటల్లో 600 చుట్లు తిరిగే కారుని ఊహించుకుందాం. దానికంటే చుట్టుకి ఒక సెకను వెనకబడే కారు రేసు మొత్తం మీద 600 సెకన్లు, అంటే పది నిమిషాలు నష్టపోతుంది. వేగంగా పోయే కారుకి అర్ధరాత్రి బ్రేకులు పాడై పది నిమిషాలు పిట్‌లో నిలబడితే ఆ ఆధిక్యమంతా అక్కడే హుళక్కి!

దుబాయ్ పోటీ 24హెచ్ సిరీస్‌లో భాగం. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే ఇక్కడ ‘కోడ్ 60’ ప్రకటిస్తారు. అందరూ 60 కిలోమీటర్ల వేగానికి దిగాలి. టైర్లు మార్చుకోవలసిన జట్టు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. మామూలప్పుడు మూడు నిమిషాలు ఆగితే ప్రత్యర్థి ఎనిమిది కిలోమీటర్లు ముందుకి పోతాడు. కోడ్ 60లో అయితే మూడే కిలోమీటర్లు.

ఇక వేడి సంగతి. డ్రైవరుతో, పెట్రోలుతో కలిపి 1,300 కిలోల కారు 250 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గిందనుకుందాం. పోయిన గతిశక్తి సుమారు 28 లక్షల జౌళ్లు. తొమ్మిదిన్నర లీటర్ల మంచినీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగించడానికి అది సరిపోతుంది. అందులో కొంత గాలి నిరోధానికి పోయినా, అధికభాగం కొద్ది సెకన్లలో నాలుగు బ్రేకు డిస్కుల్లోకి చేరుతుంది. మళ్లీ మలుపు, మళ్లీ బ్రేకు, తెల్లవార్లూ ఇదే వరస. అందుకే గాలిని గొట్టాల ద్వారా నేరుగా డిస్కుల మీదికి మళ్లిస్తారు. డిస్కు చల్లబడినా ప్యాడ్ అరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పుడు మార్చాలో ముందే లెక్క కట్టుకోని జట్టుకి తెల్లవారుజామున తిప్పలు తప్పవు.

డిస్కు వేడి ప్యాడ్ మీదుగా బ్రేకు ఆయిల్‌కి పాకుతుంది. జవహర్ ఆటోనగర్ మెకానిక్‌కి ఇది కొత్త విషయం కాదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కృష్ణా డెల్టా ఉక్కపోతలో తేమకి కరువేముంది? డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ అడుగంటా దిగుతుంది, కారు ఆగదు. రేసు జట్లు అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకునే ఆయిల్ వాడి, దాన్ని తరచుగా మారుస్తాయి. మన ఊళ్లలో కారు కొన్న నాటి ఆయిల్‌తోనే ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లున్నారు.

డ్రైవరూ వేడెక్కుతాడు. నిప్పు అంటుకోని దళసరి సూటు, హెల్మెట్, పక్కనే ఇంజను. ఫ్రాన్స్‌లో జరిగే లీ మాన్స్ 24 గంటల రేసులో ఒక డ్రైవరు ఏ ఆరు గంటల్లోనూ నాలుగు గంటలకి మించి నడపకూడదు. మొత్తం మీద 14 గంటలు దాటకూడదు.

ఆ లీ మాన్స్ 1923లో మొదలైంది. ఎనిమిది రేసుల ప్రపంచ ఎండ్యూరెన్స్ సీజన్‌కి ఇప్పుడు అదే గుండెకాయ. 2024 నుంచి అందులో జీటీ కార్ల తరగతి పేరు ఎల్‌ఎంజీటీ3. అసలు చిక్కు అక్కడుంది. పోర్షే ఇంజను వెనక, మస్టాంగ్ ఇంజను ముందు. ఫెరారీది టర్బో వీ6, కార్వెట్‌ది 5.5 లీటర్ల వీ8. వీటిని వాటి మానాన వదిలేస్తే ఒకే కంపెనీ గెలుస్తుంది, మిగతావి ఇంటికి పోతాయి. అందుకే నిర్వాహకులు ఒక కారుకి బరువు కలుపుతారు, ఇంకోదాని ఇంజను శక్తి తగ్గిస్తారు. దీనికి ‘బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ అని పేరు. అజిత్ జట్టు తరగతిలో అందరివీ ఒకే రకం పోర్షేలు కనుక ఈ తగువు లేదు. 2025లోనే ఆ జట్టు ముజెల్లోలో తరగతిలో మూడో స్థానం, స్పాలో రెండో స్థానం తెచ్చుకుంది.

ఎల్‌ఎంజీటీ3లో మాత్రం అనుమానాలకి అంతే లేదు. బాగా పరుగెత్తితే బరువు మోయాలి కనుక, జట్లు ముందు రేసుల్లో సత్తా దాచుకుంటాయన్న ఆరోపణ పాతదే. చుట్టుకి పట్టిన సమయాన్ని మాత్రమే నమ్మితే ఈ దొంగాట పట్టుబడదు. అందుకే ఇరుసుల్లో టార్క్ సెన్సర్లు పెట్టించారు. చక్రాలకి నిజంగా ఎంత శక్తి చేరుతోందో నిర్వాహకుల తెర మీద కనిపిస్తుంది.